విశ్వనాథం సీటు మీద నీలం

కుర్చీ మీద తెల్లటి టర్కీ తువ్వాలు పరిచే ఆచారం ఆంధ్రదేశంలో ఎప్పుడు మొదలైందో చరిత్రకారులు ఇంతవరకూ తేల్చలేదు. తేల్చవలసిన అవసరం ఉందని వాళ్ళకు తోచకపోవడమే ఇందుకు కారణం. ప్రభుత్వాలు మారాయి, రాజధానులు మారాయి, జిల్లాలు రెండుగా మూడుగా చీలాయి. అయినా ఏ కార్యాలయంలోకి అడుగుపెట్టినా పెద్ద అధికారి ఎవరో కనుక్కోవడానికి బల్లమీది పేరు చదవనక్కర్లేదు. తువ్వాలు ఎవరి కుర్చీ మీద ఉందో చూస్తే చాలు. విశ్వనాథం తండ్రి ఏలూరులో నీటిపారుదల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి, సూపరింటెండెంటు అయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి జీతం ఎంత పెరిగిందో చెప్పలేదు. "తువ్వాలు ఇచ్చారు" అన్నాడు. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ తువ్వాలు వారసత్వంగా కెనడా చేరింది. అదే గుడ్డ కాదు, దాని తాలూకు పట్టుదల. విశ్వనాథానికి యాభై రెండేళ్ళు. ఒట్టావా పడమటి కొసన కనాటాలో ఒక టెలికాం కంపెనీలో టెస్ట్ ఇంజనీరు. ఇతరులు తయారుచేసిన పెట్టెల్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం; పట్టుకుని, తప్పు చేసినవాళ్ళు నొచ్చుకోకుండా చెప్పడం అందులో కష్టమైన భాగం. ఆ ఆఫీసులో ఎవరికీ సొంత కుర్చీ లేదు. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళు నచ్చిన చోట కూర్చోవచ్చు. కుర్చీలన్నీ వల అల్లినట్టుండే జాలీ కుర్చీలు. ఇటువంటి అరాచకంలో తువ్వాలు ఎక్కడ పరుస్తాడు? కనుక ఆయనకు భూమండలం మీద తనదని చెప్పుకోదగ్గ ఆసనం ఒకటే మిగిలింది. కారులో డ్రైవరు సీటు.

మొదటి కారు కొన్ననాటి నుంచీ, అంటే ఇరవై నాలుగేళ్ళుగా, ఆ సీటు మీద తెల్ల తువ్వాలు ఉంటూనే ఉంది. తల ఆనించేచోట మొదలై, వీపు మీదుగా జారి, కూర్చునే చోట ముందు అంచుకు నాలుగంగుళాల ఇవతల ఆగేది. ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి మార్చేవాడు. మార్చడానికి ఉతికిన తువ్వాలు అలమరలో ఉండేది. అది అక్కడికి ఎలా వచ్చేదో, ఎలా తెల్లబడేదో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

కిందటి అక్టోబరులో కొత్త కారు వచ్చింది. సీట్లు లేత మీగడ రంగు తోలువి. "ఆ రంగు వద్దండీ, మాసిపోతుంది" అని భార్య శ్యామల చెప్పింది. "తువ్వాలుండగా మాయడమేమిటి?" అన్నాడు విశ్వనాథం. ఆ మాట ఆయన తరవాత చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

నవంబరులో అత్తగారు ఈశ్వరమ్మ, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద రాజమండ్రి నుంచి వచ్చింది. అల్లుడితో నేరుగా మాట్లాడని తరం ఆవిడది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నా, "శ్యామలా, అల్లుడుగారిని మజ్జిగ పోసుకోమను" అనేది. ఆయన కూడా "శ్యామలా, పోసుకున్నానని చెప్పు" అనేవాడు. శ్యామల ఏమీ చెప్పేది కాదు; ఇద్దరికీ వినిపించిందని ఆమెకు తెలుసు. ఊరికే కూర్చుంటే తోచక ఈశ్వరమ్మ ఒక్కొక్క పనీ చేతిలోకి తీసుకుంది. ఫిబ్రవరికి ఇంట్లో బట్టల శాఖ పూర్తిగా ఆవిడ కిందికి వచ్చింది. ఒక రాత్రి భోజనాల దగ్గర విశ్వనాథం, "శ్యామలా, ఈమధ్య తువ్వాళ్ళు భలే తెల్లగా ఉంటున్నాయి" అన్నాడు. ఈశ్వరమ్మ తల వంచుకుని ముసిముసిగా నవ్వి, పప్పులో ఇంకో చెంచా నెయ్యి వేసింది.

మార్చి మొదటి ఆదివారం గరాజులో తువ్వాలు మారుస్తూ విశ్వనాథం ఆగిపోయాడు. సీటు మీద నీలం. కూర్చునే చోట, మధ్యలో, అరచేయంత చిక్కగా, చుట్టూ పలచగా. గోటితో గీకాడు. పోలేదు. తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు. ఇంకో విచిత్రం: మరక ముందువైపు గీత గీసినట్టు తిన్నగా ఆగిపోయింది. తిన్నటి అంచున్న పిరుదులు గల మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు.

ఇటువంటి మరకలకు కారణం జీన్స్ అని ఇంటర్నెట్‌లో పది చోట్ల రాసి ఉంది. కొత్త జీన్స్ రంగు, సీటు వేడి, మంచులో తడిసిన కోటు, మూడూ కలిస్తే లేత రంగు తోలు పీల్చేసుకుంటుందట. మూడింట్లో రెండు ఆయన దగ్గర ఉన్నాయి. సీటు హీటరు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మూడో నంబరు మీదే ఉంటుంది. కోటు తడవని రోజు లేదు. మూడోది మాత్రం లేదు. విశ్వనాథం జన్మలో జీన్స్ వేసుకోలేదు. ఆయనవన్నీ బూడిదరంగు ప్యాంట్లు. రోజూ పక్కసీట్లో కూర్చుని ఆఫీసుకు వచ్చే కొమరయ్య ఎనిమిదేళ్ళుగా జీన్స్ తప్ప వేసుకోలేదు. కొమరయ్య సీటు పాలలా మెరిసిపోతోంది.

ఇంట్లో ముదురు నీలం జీన్స్ కొత్తగా కొన్నది ఒక్కరే. కూతురు మృదుల.

మృదులకు పదిహేడేళ్ళు. పన్నెండో క్లాసు. వచ్చే శనివారం ఉదయం పదీ ఇరవైకి ఆమెకు రోడ్ టెస్ట్; పాసైతే ఒంటరిగా నడపనిచ్చే జీ2 లైసెన్సు వస్తుంది. ఆ తేదీ జనవరిలో దొరికింది. తప్పితే మళ్ళీ జూన్ చివరిదాకా లేదు. మే నెల నుంచి కార్ప్ అనే పక్క ఊళ్ళో ఒక నర్సరీలో మొక్కల పని ఒప్పుకుంది. అక్కడికి బస్సు పోదు. టెస్టుకు కారు మనమే తీసుకెళ్ళాలి. అంటే నాన్న కారు.

ఆ రాత్రి విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు.

"మృదులా, కారు నువ్వు బయటికి తీశావా?"

"లేదు నాన్నా. నా దగ్గర జీ1 ఉంది. ఒంటరిగా తీస్తే ఇల్లీగల్."

అది ఆయనకూ తెలుసు. మీటరు కూడా చూశాడు. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఎంత ఉందో ఆదివారం అంతే ఉంది. అటువంటి అంకెలు ఆయన బుర్రలో అడగకుండానే నిలిచిపోతాయి.

"పోనీ ఊరికే కూర్చున్నావా?"

"రోజూ కూర్చుంటా. గరాజులో. మిర్రర్, సిగ్నల్, బ్లైండ్ స్పాట్. ప్రాక్టీస్."

"ఆ జీన్స్ వేసుకుని?"

"టవల్ మీదే కదా కూర్చున్నా!"

ఇక్కడ విశ్వనాథానికి వృత్తిరీత్యా అబ్బిన తర్కం పనిచేసింది. లేచి వెళ్ళి, తీసేసిన తువ్వాలు తెచ్చి దీపం కింద పట్టాడు. మచ్చ లేదు. మల్లెపువ్వులా ఉంది. జీన్స్ రంగు సీటుకు అంటాలంటే ముందు తువ్వాలుకు అంటాలి. తువ్వాలుకు అంటలేదు. కాబట్టి కూతురు తువ్వాలు తీసేసి కూర్చుంది. తియ్యలేదని అబద్ధం చెబుతోంది.

"తువ్వాలు సాక్ష్యం చెబుతోంది" అన్నాడు.

"వాట్?"

"నిజం చెప్పేదాకా శనివారం కారు లేదు."

మృదుల కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నాన్నా, దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్! నేను చెయ్యలేదు అంటుంటే..." మాట పూర్తికాకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"మీకు మతిగాని పోయిందా? సీటు కోసం పిల్లని ఏడిపిస్తారా?" అంది శ్యామల.

"సీటు కోసం కాదు. అబద్ధం కోసం."

ఈశ్వరమ్మ గోడతో అన్నట్టుగా, "పిల్లది అబద్ధమాడేది కాదమ్మా. అయినా అల్లుడుగారి తువ్వాలు మీదకి మాట రానివ్వకు. దాని సంగతి నేను చూసుకుంటున్నాను" అంది. ఆవిడకు ఆ గొడవలో అర్థమైనది ఒకటే: అల్లుడుగారు తువ్వాలును దీపం కింద పట్టి మరీ చూశారు.

మర్నాడు కారులో కొమరయ్యకు మొత్తం చెప్పాడు విశ్వనాథం. కొమరయ్యది కరీంనగర్. ఏ సమస్యనైనా ముందు నవ్వి, తరవాత వినే మనిషి.

"అన్నా, జీన్స్ ఏసుకున్నోని సీటు తెల్లగుంది, ఏసుకోనోని సీటు నీలంగుంది. నీ లోపల్నించే ఏదో కారుతున్నట్టుంది. డాక్టర్‌కి చూపించుకో."

"నవ్వులాట కాదు కొమరయ్యా. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు టూత్‌పేస్ట్ అన్నారు. ఒకరు నిమ్మకాయ, ఉప్పు. ఒకావిడ నెయిల్ పాలిష్ తుడిచే మందు పెట్టమంది."

"అది పెట్టకు! మరకతోని తోలు మీది రంగు కూడా లేచిపోతది. మా తమ్ముడు జేసిండు. ఇప్పుడు ఆ సీటు చూస్తే బొల్లి వచ్చినట్టుంటది. నా దగ్గర లెదర్ క్లీనర్ ఉంది, ఇస్త. మెల్లగ తుడువు. బలం పెట్టకు."

సోమవారం సాయంత్రం గరాజులో శుద్ధి కార్యక్రమం జరిగింది. ముందు సీటు కింద ఎవరికీ కనబడని మూల ఒక చుక్క వేసి పరీక్షించాడు. తోలు రంగు మారలేదు. అప్పుడు నురగను తోలు మీద కాకుండా గుడ్డ మీద తీసుకుని, మెత్తటి బ్రష్షుతో చిన్నచిన్న సున్నాలు చుట్టి, ఆరకముందే శుభ్రమైన గుడ్డతో అద్దాడు. గుడ్డకు నీలం వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. ఐదోసారికి గుడ్డకు ఏమీ రాలేదు. మరక, ముందు చూసినవాడికి తప్ప ఎవరికీ తెలియనంత పలచబడింది. ఆరనిచ్చి, తోలుకు క్రీము రాసి, మెడ రెండు పక్కలా విరుచుకుని, అలమరలోంచి అప్పుడే ఉతికిన తువ్వాలు తెచ్చి పరిచాడు. ఈసారి తువ్వాలు మరీ తెల్లగా ఉంది. కారు తాళాలు రెండూ తన జేబులోనే పెట్టుకున్నాడు. గరాజు వైపు మృదుల తొంగి కూడా చూడలేదు. తండ్రితో మాట్లాడడం కూడా మానేసింది.

బుధవారం తువ్వాలు ఎత్తి చూస్తే మరక మొదటిదానికంటే చిక్కగా ఉంది.

విశ్వనాథం సీటు అంచున కూర్చుండిపోయాడు. పిల్ల రాలేదు. కొమరయ్య ఆ సీటు ముట్టుకోలేదు. కారు తాళం తీసినది తను, కూర్చున్నది తను, లేచినది తను. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఇటువంటి కేసు తగల్లేదు. బూడిదరంగు ప్యాంటు విప్పి తడి కాగితంతో రుద్ది చూశాడు. కాగితానికి ఏమీ రాలేదు. కోటు అస్తరు రుద్దాడు. ఏమీ రాలేదు. చివరికి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, కొమరయ్య చెప్పినదాన్ని కూడా పరీక్షించి చూసుకున్నాడు. అటువైపునుంచీ నీలం రాలేదు.

ఇక మిగిలినది ఒకటే సిద్ధాంతం: తోలు లోపలినుంచి నీలం ఊరుతోంది. కారు అమ్మినవాళ్ళకు ఫోను చేసి అడిగితే, అవతలి కుర్రాడు "సర్, ఆవు నీలంగా ఉండదు" అని మర్యాదగా చెప్పాడు.

బుధవారం మళ్ళీ తుడిచాడు. మళ్ళీ కొత్త తువ్వాలు పరిచాడు. గురువారానికి మళ్ళీ నీలం. ఒక మనసు పిల్ల నిర్దోషి అంటోంది. ఇంకో మనసు, అయితే దోషి ఎవరు అంటోంది. దోషి దొరక్కుండా కేసు మూసెయ్యడం ఆయనకు అలవాటు లేదు. "సారీ అని ఒక్క మాట చెప్పి తాళం ఇవ్వండి" అంది శ్యామల. "దేనికి సారీ? ఏం జరిగిందో తెలియకుండా?" అన్నాడు. ఆ మాట తన చెవికే సబబుగా తోచలేదు.

శుక్రవారం ఆయన ఆఫీసునుంచి వచ్చి కారు ఆపేసరికి మృదుల గరాజులో నిలబడి ఉంది. చేతిలో జుట్టు ఆరబెట్టుకునే డ్రయరు, కాగితపు తువ్వాళ్ళ చుట్ట, భుజం మీద ఆ ముదురు నీలం జీన్స్.

"టూ మినిట్స్, నాన్నా. జస్ట్ చూడు. మాట్లాడకు."

కాగితం తడిపి జీన్స్ మీద నొక్కిపట్టి రెండు నిమిషాలు డ్రయరు కొట్టింది. కాగితం తెల్లగా ఉంది. "నాలుగుసార్లు ఉతికా. రంగు పోవట్లేదు." తరవాత ఇంకో కాగితం తడిపి, సీటు మీది తువ్వాలు మీద పెట్టి నొక్కింది. డ్రయరు కొట్టింది. "ఇది నీ సీట్ హీటర్ అనుకో." రెండు నిమిషాల తరవాత కాగితం ఎత్తింది.

కాగితం నీలంగా ఉంది.

విశ్వనాథం కాగితాన్ని చూశాడు. తువ్వాలును చూశాడు. మళ్ళీ కాగితాన్ని చూశాడు.

"ఇంకోసారి చెయ్యి" అన్నాడు.

చేసింది. నీలం.

"తెల్లదాంట్లోంచి నీలం ఎలా వస్తుందే?"

"నాకేం తెలుసు? యూ ఆర్ ద ఇంజనీర్."

ఇద్దరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. వాషింగ్ మెషీను పక్కన సింకులో ఒక బకెట్టు. బకెట్టులో మబ్బుపట్టిన ఆకాశం రంగు నీళ్ళు. నీళ్ళలో ఆదివారానికి సిద్ధమవుతున్న తువ్వాలు. పైన అరలో, రాజమండ్రి నుంచి కందిపొడి డబ్బాల మధ్య ప్రయాణం చేసి వచ్చిన నీలిమందు పొట్లాలు. సగం ఖాళీ అయ్యాయి.

నీలిమందు పెడితే తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుందని ఆంధ్రదేశంలో బడిపిల్లాడికి కూడా తెలుసు. బడిలో ఆయన చొక్కాకూ పెట్టేవారు. విశ్వనాథం తువ్వాలు తెల్లగా ఉందని మెచ్చుకున్నాడు. అత్తగారు ఇంకో చిటికెడు వేసింది. దీపం కింద పెట్టి చూశాడు. ఆవిడ రెండు చిటికెలు వేసింది. మరక తుడిచి మార్చినప్పుడల్లా, తువ్వాలు నచ్చక మారుస్తున్నారనుకుని పొట్లాం పొట్లాం వేసింది. మరక ముందున్న తిన్నటి అంచు తువ్వాలు అంచే.

"ఆఫీసులో అన్నీ టెస్ట్ చేస్తావు కదా నాన్నా. టవల్‌ని ఎందుకు చెయ్యలేదు?"

"అది తెల్లగా ఉందమ్మా."

"సో?"

ఆయన బకెట్టులోని తువ్వాలును అంచు పట్టి ఎత్తి, మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. గొంతు తగ్గించి, "అమ్మమ్మకు తెలియనివ్వకు. నొచ్చుకుంటుంది" అన్నాడు.

మృదుల చేతులు కట్టుకుంది. "అంటే నేనే చేశానని ఉండిపోవాలా? అందరి ముందూ అన్నావు నాన్నా. అమ్మమ్మ ముందు కూడా."

తప్పు పట్టుకుని, చేసినవాళ్ళు నొచ్చుకోకుండా చెప్పడం ఆయన ఉద్యోగంలో కష్టమైన భాగమని ముందే మనవి చేశాం. ఆ సాయంత్రం అది రెండు వైపులా కష్టమైంది. అన్నం వడ్డించాక విశ్వనాథం మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ మరక మృదుల చెయ్యలేదు. తను తువ్వాలు తియ్యలేదు, అబద్ధమూ ఆడలేదు. నేనే తప్పుగా అనుకున్నాను. మృదులా, సారీ."

మృదుల పళ్ళెంలోకి చూస్తూ తల ఊపింది. శ్యామల భర్త వైపు, ఈయన ఈయనేనా అన్నట్టు చూసింది.

"మరి ఎవరు చేశారటే?" అంది ఈశ్వరమ్మ కూతురితో.

"నేనే, అత్తయ్యగారూ" అన్నాడు విశ్వనాథం.

బల్ల దగ్గర అందరి చేతులూ ఆగాయి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన అత్తగారితో నేరుగా అన్న మొదటి మాట అది. ఆవిడ కంగారులో కొంగు తలమీదకి లాక్కుంది.

"ఎలాగ బాబూ? మీరు తువ్వాలు మీదేగా కూర్చుంటారు?"

"అదేనండీ నాకూ అర్థం కాలేదు" అన్నాడు విశ్వనాథం. మృదుల దగ్గింది. "ఏమైనా ఇంక తువ్వాలు వద్దనుకుంటున్నానండీ. టెస్టులో జారితే పిల్లకు ఇబ్బంది. ఆ తరవాత కూడా... తువ్వాలు రిటైరయిందనుకోండి."

ఇరవై నాలుగేళ్ళ హోదాను మనిషి ఊరికే ఎందుకు వదులుకుంటాడో ఈశ్వరమ్మకు అంతుపట్టలేదు. మళ్ళీ కూతురి వైపు తిరిగింది. "అంత తెల్లటి తువ్వాళ్ళు పారేస్తారా ఎవరైనా? హాల్లో నా కుర్చీ మీద వేసుకుంటానని చెప్పు."

మర్నాడు పొద్దున్న హాల్లో కిటికీ పక్క కుర్చీ మీద, వీపు మీదుగా జారుతూ, తెల్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఈశ్వరమ్మ కాఫీ తాగుతోంది. ఆ ఇంట్లో పెద్ద అధికారి ఎవరన్న విషయంలో ఇకముందు ఎవరికీ సందేహం రానక్కర్లేదు. కుర్చీ ముదురు గోధుమరంగుది కనుక దానికీ ప్రమాదం లేదు.

టెస్టు సెంటర్ దగ్గర చలిగా ఉంది. విశ్వనాథం లోపల బెంచీ మీద కూర్చుని, అద్దంలోంచి పార్కింగ్ వైపు చూస్తూ గడిపాడు. మృదుల తిరిగొచ్చి కాగితం చూపించింది. పాస్. ఇంటికి తనే నడుపుతానంది. విశ్వనాథం పక్కసీట్లో కూర్చున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ మంచు పడింది. సీటు హీటరు మూడో నంబరు మీద పెట్టింది.

ఇంటికి చేరాక, మృదుల కాగితం పట్టుకుని లోపలికి పరిగెత్తాక, విశ్వనాథం ఫోను దీపం వేసి డ్రైవరు సీటు మీదికి వంగాడు. పిల్ల వేసుకున్నది ఆ ముదురు నీలం జీన్సే. మధ్యలో తువ్వాలు లేదు. వెళ్ళిరావడం, టెస్టు కలిపి గంటా పది నిమిషాలు కూర్చుంది.

సీటుకు కొత్తగా ఏమీ అంటలేదు.